ఆఖరి మాట లేని వ్యాసం

ముప్పై ఒక్క నోటుపుస్తకాలు దిద్దేసరికి ఝాన్సీలక్ష్మి టీచరుకి ఎర్ర పెన్నూ అయిపోయింది, ఓపికా అయిపోయింది. ఓపిక ఆమె దగ్గర మొదటినుంచీ కొంచెమే ఉండేది. దీనికి కోపం ముక్కు మీదే ఉంటుందని టెక్కలిలో పుట్టింటివాళ్ళు ఊరికే అనేవారు కాదు.

ఇచ్చిన పని ఏమంత కష్టమైనదీ కాదు. నావలపేట ప్రాథమికోన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకి వాదన వ్యాసం రాయడం నేర్పాలి. ఒక విషయం మీద నువ్వేమనుకుంటున్నావో చెప్పు, ఎందుకనుకుంటున్నావో చెప్పు, ఎదుటివాడు ఏమంటాడో చెప్పు, దానికి నీ సమాధానం చెప్పు. అంతే. విషయం కోసం కూడా ఆమె ఎక్కడెక్కడో వెతకలేదు. కిటికీలోంచి చూస్తే కనిపించేదే ఇచ్చింది. మన బడి మైదానంలో చేపలు ఎండబెట్టడం సరైనదేనా?

నిజానికి కిటికీలోంచి చూస్తే మైదానం కనిపించదు, చేపలే కనిపిస్తాయి. బారువ దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు నావలపేట. వేట బాగా పడే చలికాలంలో ఊళ్ళోని ఆడవాళ్ళు పొద్దున్నే గంపలతో వచ్చి నెత్తళ్ళూ కవళ్ళూ లాంటి చిన్న చేపల్ని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచేస్తారు. పిల్లలు గోడ వారగా ఒకరి వెనక ఒకరు నడుచుకుంటూ తరగతికి రావాలి. ఆటల పీరియడులో ఆటల గురించి చెప్పుకోవడమే తప్ప ఆడింది లేదు.

ఈ ఏడాది మాత్రం అది సర్దుకుపోయే సంగతి కాదు. సోంపేటలో మండలం ఖోఖో పోటీలు ఇంక నెల రోజులే ఉన్నాయి. నిరుడు నావలపేట ఆడపిల్లల జట్టు మొదటి ఆటలోనే ఓడిపోయి, కట్టుకెళ్ళిన పులిహోర బస్సులోనే తినేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేసింది. ఆ జట్టుకి నాయకురాలు అమ్ములు, సన్నగా పొడుగ్గా ఉండే పిల్ల, నిద్రలో కూడా "ఖో" అని అరుస్తుందని వాళ్ళ మామ్మ దాలమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. ఎనిమిదితో ఈ బడి అయిపోతుంది. వచ్చే ఏడు ఆ పన్నెండుమంది పిల్లలూ తలో హైస్కూలుకీ పోతారు. కలిసి ఆడేది ఇదే ఆఖరుసారి, ఆడి నేర్చుకోవడానికి జానెడు చోటు లేదు.

కాబట్టి పిల్లలు విరుచుకుపడి రాస్తారనుకుంది టీచరు. తీరా వాళ్ళు రాసింది ఇది. "గౌరవనీయులైన పెద్దలకు దండములు. మేము చిన్నపిల్లలము. మాకు ఆడుకొనుటకు చోటు లేదు. తమరు దయతలచి..." అక్కడినుంచి రెండు మూడు మంచి మాటలు లేకపోలేదు. చేప ముల్లు దిగి పాదం వాచి మూడు రోజులు బడి మానేశానని ఒకడు రాశాడు. మధ్యాహ్నం భోజనంలో అన్నం కంటే ఈగలే ఎక్కువని ఒక పిల్ల రాసింది. కానీ ప్రతి పుస్తకంలోనూ చివరి వరస ఒకటే. "తప్పయితే క్షమించండి. పెద్దలు ఎలా అంటే అలాగే."

ముప్పై ఒక్కసార్లు అదే ముక్క చదివాక ఎవరికైనా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. మర్నాడు తరగతిలో పుస్తకాల కట్ట బల్ల మీద ధన్‌మని పడేసింది.

"ఎవరి పుస్తకంలో చూసి ఎవరు రాశారర్రా?"

మూడో బెంచీలో త్రినాథ్ లేచాడు.

"ఎవులదీ సూడనేదు టీచర్. ఎవులికాళ్ళే రాసుకున్నాం. అలగే సెప్పాలి కదా."

"అలాగే చెప్పాలని ఎవరన్నారు?"

త్రినాథ్‌కి ఆ ప్రశ్నే వింతగా తోచింది. తుఫాను షెల్టరు కింద ఊరు కూడినప్పుడు అందరూ అలాగే చెబుతారన్నాడు. తగువు ఏదైనా సరే, చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాక, తప్పయితే క్షమించండి, పెద్దలెలా అంటే అలాగే అనాలి. ఆ మాట అంటేనే మాట్లాడ్డం అయిపోయినట్టు లెక్క. అది అనేదాకా పెద్దలు నోరు విప్పరు.

"మా నాన్న వల ఇంకో బోటు పంకాకి పడి తెగిపోయింది టీచర్. ఎక్కడ తెగిందో, ఏ యాళప్పుడు తెగిందో, ఎవులు సూసారో అన్నీ బాగా సెప్పాడు. ఆఖర్న ఈ మాట అన్నాడు. సరే, ఇద్దరూ సద్దుకోండి అనేసారు పెద్దలు."

"మరి మీ నాన్న ఏమన్నాడు?"

"ఏటంతాడు టీచర్? పెద్దలెలా అంటే అలగే అని ముందే అనేసాడు కదా."

తరగతి గొల్లుమంది. టీచరు నవ్వలేదు. ఆమెకి ఒక్కసారిగా విషయం అర్థమైంది. ఈ పిల్లలకి చెప్పడం రాకపోవడం కాదు, చెప్పిందంతా చివర్లో తమ చేతుల్తోనే తుడిచేయడం మర్యాద అని పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగారు. ఆ మర్యాద నేర్పినవాళ్ళ మీద ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆ మాటని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి అడ్డంగా గీత కొట్టింది. "వాదన అంటే నేనిలా అనుకుంటున్నాను, ఇవీ నా కారణాలు, తప్పయితే ఎక్కడ తప్పో చూపించండి అని అడగడం. చూపించాల్సిన పని ఎదుటివాళ్ళది. దండాలు పెట్టకూడదని కాదు. మొదట్లో ఒకటి పెట్టండి, చాలు. చివర్లో ఈ మాట రాసినవాళ్ళకి మాత్రం సున్నా."

సున్నా అనేసరికి పిల్లలకి ధైర్యం వచ్చింది. ధైర్యం వస్తే ఏమవుతుందో రెండోసారి రాసిన వ్యాసాల్లో తెలిసింది. ఎండుచేపలు కంపు, ఆడవాళ్ళు గయ్యాళులు, కాకుల్ని తోలుతూ తిట్టే బూతులకి చెవులు చిల్లులు పడుతున్నాయి, వాళ్ళందర్నీ గేటు బయటికి గెంటేయాలి. అమ్ములు అందరికంటే రెండాకులు ఎక్కువే చదివింది. మైదానంలో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది మా మామ్మేనని పేరు పెట్టి మరీ రాసింది.

"బాగానే తిట్టారు. ఎదుటివాళ్ళ వాదన ఎక్కడ? ఈసారి అందరూ చేపలు ఎండబెట్టేవాళ్ళ తరఫున ఒక పేజీ రాయండి" అంది టీచరు.

అమ్ములు మొహం మాడ్చుకుంది. "మా మామ్మ తరపున నానెందుకు రాయాల టీచర్? దానివల్లే కదా మాకు ఆట నేకుండా పోయింది."

"ఆవిడ ఇక్కడికే ఎందుకు వస్తోందో ఎప్పుడైనా అడిగావా?"

"ఎండెట్టడానికొత్తాది."

"ఎండ ఊరంతా ఉంది కదా. ఇక్కడికే ఎందుకు?"

మాటవరసకి అడిగేసింది గానీ, నిజానికి ఆ జవాబు టీచరుకీ తెలియదు. ఏడాదిగా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ గోడ వారగానే నడుస్తోంది, ఒక్కనాడూ ఆగి అడిగిన పాపాన పోలేదు. కాస్త సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ అమ్ములుని వెంటబెట్టుకుని తనే వెళ్ళింది.

దాలమ్మ గోడ నీడన కూర్చుని చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ కాకుల మీద ఓ కన్ను వేసి ఉంది. ప్రశ్న వినగానే ఆ పుల్ల తీసి పక్కన పారేసింది.

"ఓలమ్మా, ఇన్నాళ్ళకి అడిగినారు! ఒడ్డున ఇసకలో పరిత్తే సేపకి ఇసకంటుకుంతాది టీచరమ్మా. పలాస నుంచొచ్చే యాపారి ఓ సేప తుంపి నోట్లో ఏసుకుని సూత్తాడు. కసక్కుమన్నాదంటే గంప ఎనక్కి తోసేత్తాడు. అక్కడ కుక్కలు, మేకలు. ఇక్కడైతే గోడుంది, గేటుంది, నేల గట్టిగున్నాది. పిల్లగుంటలు ఆడుకునే కాడ సేపలు పరవడం నాకేటి సరదాయేటి? నా మనవరాలు ఆడుతుంటే సూడాలని నాకు మాత్రం ఉండదేటి?"

అమ్ములు కాళ్ళ దగ్గరి చేపల్ని చూస్తూ మెల్లగా అడిగింది. "మరి ఎండెట్టుకోడానికని మనకి గచ్చు కట్టినారు కదా మామ్మా?"

"కట్టినారు. ఆ గచ్చు ఎక్కడున్నాదో ఎల్లి సూడు."

వెళ్ళి చూశారు. షెల్టరు వెనక ఒడ్డు మీద సిమెంటు గచ్చు ఉండనైతే ఉంది. దాని మీద మనిషి ఎత్తున వలల కుప్పలు, వాటి మీద నీలం టార్పాలిన్లు, పక్కన బోటు ఇంజన్లు, తాళ్ళు, ఒక నులకమంచం, దాని మీద పేకముక్కలు. తిత్లీ తుఫానుకి ఒడ్డంతా కోసుకుపోయినప్పుడు, రెండ్రోజులు పెట్టుకుంటామని మగవాళ్ళు వలలు తెచ్చి అక్కడ వేశారట. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తి కాలేదు. ఆడవాళ్ళు గంపలెత్తుకుని బడికొచ్చారు.

అమ్ములు చెప్పులు విప్పి గచ్చు చుట్టూ అడుగులు వేసింది. నలభై అడుగుల పొడుగు, పాతిక అడుగుల వెడల్పు. నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకుంది. పదకొండు వలల కుప్పలు, నాలుగు ఇంజన్లు, ఒక మంచం. చేపలు లేవు. రాసుకుంటున్నదల్లా ఒక్కసారిగా తలెత్తింది.

"టీచర్! మామ్మ మనకి ఎదుటిపక్క కాదు. మామ్మది కూడా మన పక్కే!"

ఝాన్సీలక్ష్మికి నెత్తిన పాలు పోసినట్టయింది. పదేళ్ళ నౌకరీలో ఎన్ని శిక్షణలకి వెళ్ళిందో, ఎన్ని చార్టులు గీసిందో, ఏ పిల్లా ఇలా తనంతట తను ఒక మాట కనిపెట్టి చెప్పలేదు. ఆ సంతోషంలో ఆమె ఒక సంగతి గమనించలేదు. గమనించింది అమ్ములే.

"ఆరు కుప్పలు సిన్నారావు తాతవి టీచర్" అంది గొంతు తగ్గించి.

చిన్నారావు ఊరి పెద్ద. మూడు బోట్లున్నాయి. అమ్ములు తండ్రి ధనరాజు వేటకెళ్ళేది ఆయన బోటు మీదే.

ఆదివారం ఊరు కూడినప్పుడు అమ్ములు చేత వ్యాసం చదివించాలని టీచరు అనుకుంటున్న సంగతి తెలిసి హెడ్మాస్టరు జనార్దనరావు గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "గచ్చు జోలి మనకెందుకమ్మా? మైదానం గురించి రాసి ఊరుకోమనండి."

"మైదానం ఒక్కటీ అడిగితే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుంది సార్. గచ్చు అడిగితే ఎవరి పొట్టా కొట్టక్కర్లేదు."

"ఆదివారం నేను ఊళ్ళో ఉండడం లేదు. నాకేమీ తెలియదు" అన్నారు ఆయన. అంటే సరేనన్నట్టే అని టీచరు అర్థం చేసుకుంది.

చిన్నారావుని అడగడం ఇంకా తేలికయింది. ఆదివారం ఊరు కూడినప్పుడు బడిపిల్ల ఒక వ్యాసం చదువుతుందంటే ఆయన మీసంలో నవ్వుకుని, "సదవనీండి టీచరమ్మా, పిల్లలు గదా, సరదా పడతారు" అన్నాడు. జెండా పండుగ నాటి ఉపన్యాసం లాంటిది అనుకున్నాడు కాబోలు.

శనివారం సాయంత్రం ధనరాజు బడికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు.

"సదవొద్దనను టీచర్ గారూ. సదువుకుంతంది, సంతోసం. గాని ఆఖరి మాట మాత్రం అనమని సెప్పండి. అదొక్కటీ అనేత్తే ఎవులూ ఏటీ అనుకోరు. సోమవారం పొద్దున్న నాను మళ్ళా ఆ బోటే ఎక్కాలి."

ఆయన వెళ్ళిపోయాక ఝాన్సీలక్ష్మి ఖాళీ తరగతికి తాళం వేస్తూ అదే ఆలోచించింది. తనకేం, నెల తిరిగితే జీతం వస్తుంది, బదిలీ అయితే పెట్టె సర్దుకుని పోతుంది. బోర్డు మీద గీత కొట్టడం తేలిక. రేపు మాట తేడా వస్తే పడేది ఈ మనిషి. ఆమె అమ్ములు ఇంటికి వెళ్ళి, పిల్లని పక్కకి పిలిచింది.

"చూడు, ఆఖరి మాట నీ ఇష్టం. అన్నా నేనేమీ అనుకోను. సున్నా కూడా వెయ్యను. ఒట్టు."

అమ్ములు తల ఊపింది. అంటానని గానీ అననని గానీ చెప్పలేదు.

ఆదివారం టీచరు తను ఉండే సోంపేట నుంచి ఆటోలో వచ్చింది. తుఫాను షెల్టరు కింద స్తంభాల మధ్య పరిచిన చాపల మీద మగవాళ్ళు కూర్చున్నారు. పెద్దలు నలుగురికీ ప్లాస్టిక్ కుర్చీలు. ఆడవాళ్ళు అలవాటు ప్రకారం బయట, మెట్ల దగ్గర. వాళ్ళలో దాలమ్మ ఉంది. ఎనిమిదో తరగతి మొత్తం గుంపుగా ఒక పక్కన నిలబడింది. ఊళ్ళో ఉండనన్న హెడ్మాస్టరు గారు అన్నింటికంటే వెనక స్తంభానికి ఆనుకుని, ఎవరో వేరే మనిషిలాగా సముద్రం వైపు చూస్తున్నారు.

అమ్ములు నోటుపుస్తకం పట్టుకుని లేచింది. అందరికీ ఒక దండం పెట్టింది. మొదటి రెండు వాక్యాలు ఎవరికీ వినపడలేదు. "గట్టిగా సదువు గుంటా" అని ఎవరో అరిచారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"మా బడి మైదానం మాకు కావాలి. ఇది నా అభిప్రాయం. కానీ ముందు మా మామ్మ అభిప్రాయం చెబుతాను. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఇసుకలో ఎండబెట్టిన చేపని వ్యాపారి కొనడు. ఒడ్డున కుక్కలున్నాయి. బడికి గోడ ఉంది, గేటు ఉంది. ఆమె స్థానంలో నేనున్నా అక్కడికే వస్తాను."

మెట్ల దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. తమ మాట ఆ స్తంభాల లోపల, అంతమంది మగవాళ్ళ మధ్య, అంత స్పష్టంగా పలకడం ఆ ఆడవాళ్ళు ఎప్పుడూ వినలేదు. దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత పిల్లల వంతు. ఈ చలికాలంలో ముళ్ళు గుచ్చుకున్నవాళ్ళు తొమ్మిదిమంది, బడి మానేసిన రోజులు పంతొమ్మిది. ఖోఖో జట్టు మైదానంలో ఆడిన రోజులు దసరా తర్వాత ఒక్కటీ లేదు. ఎవరి మీదా తిట్టు లేదు, ఎవరినీ దయతలచమనడం లేదు. ఆపైన ఆమె గొంతు ఇంకొంచెం గట్టిపడింది.

"మామ్మకీ మాకూ తగువు లేదు. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకోవడానికి కట్టిన గచ్చు ఈ షెల్టరు వెనకే ఉంది. పొడవు నలభై అడుగులు, వెడల్పు పాతిక అడుగులు. నేను వెళ్ళి చూశాను. దాని మీద పదకొండు వలల కుప్పలు, నాలుగు ఇంజన్లు, ఒక మంచం ఉన్నాయి. చేపలు లేవు. వలలు తీస్తే చేపలు గచ్చు మీదికి వెళతాయి. చేపలు వెళితే మేము మైదానంలోకి వెళతాం. గచ్చు మీద వలలు ఎందుకు ఉండాలో మాకు తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పాలి."

చదవడం ఆపి పుస్తకం మూసింది.

అందరూ చూస్తున్నారు. కుర్చీల్లోని పెద్దలూ, చాపల మీది మగవాళ్ళూ ఆ మాట కోసం చూస్తున్నారు. ధనరాజు తల వంచుకుని చాప ఈనెలు లాగుతున్నాడు. అనేయ్ తల్లీ, పోనీ అనేయ్ అని ఒక పక్క, అనకు, అనకు అని ఇంకో పక్క, టీచరు మనసులో తనకి తనే తగువు పడుతోంది.

చిన్నారావు మీసంలో నవ్వు ఎప్పుడో పోయింది. మొదట దగ్గాడు. తర్వాత పెద్దరికం వదలకుండానే గుర్తుచేశాడు. "ఆఖరి మాట సెప్పనేదేటి పాపా?"

"సెప్పను తాతా" అంది అమ్ములు. "పెద్దలెలా అంటే అలగే అని నానే అనేత్తే, మీరు నాకు జవాబు సెప్పక్కర్నేదు కదా. నాకు జవాబు కావాలి."

సముద్రం హోరు మీదుగా మెట్ల దగ్గర నుంచి ఒక గొంతు లేచింది. ఊరు కూడినప్పుడు పెద్ద ఆడవాళ్ళ గొంతు లేవడం అదే మొదలు.

"గుంట అడిగిందానికి జవాబు సెప్పు తమ్ముడా" అంది దాలమ్మ. "మాకూ ఇనాలనుంది. ఇన్నేళ్ళయింది."

"అవును, సెప్పండి" అంది ఇంకొకామె. తర్వాత మెట్లన్నీ ఒకేసారి మాట్లాడాయి.

చిన్నారావు చెయ్యెత్తి ఆపాడు. కోప్పడతాడనుకున్నారు అందరూ. ఆయన అమ్ములు వైపు, తక్కెడ దగ్గర బేరగాణ్ణి చూసినట్టు కళ్ళు చిన్నవి చేసి చూశాడు.

"టీచరమ్మ రాసిచ్చింది సదివేసినావా, నీకే తెలిసి అన్నావా? వలలు తీసేత్తే ఎక్కడెట్టాల? వానకి తడిత్తే కుళ్ళిపోవా? సెప్పు."

ఇది వ్యాసంలో లేదు. ఈ ప్రశ్న టీచరుకే తట్టలేదు.

అమ్ములు పైకి చూసింది, చుట్టూ చూసింది. "మీరన్నది నిజమే తాతా. వలలు తడవకూడదు" అంది. "ఈ షెల్టరు కింద ఎనకపక్క మూడు వరసల తంబాలు కాళీగున్నాయి. పైన సిమెంటు కప్పుంది. అక్కడెట్టుకోవచ్చు. టార్పాలు కూడా అక్కర్నేదు."

"మరి ఊరు కూడడానికో?"

"ఇప్పుడు మనం కూడినాం కదా తాతా. ఎనక ఎవులూ నేరు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నిజంగానే ఎవరూ లేరు, హెడ్మాస్టరు గారు తప్ప. ఆయన గబగబా రెండడుగులు ముందుకొచ్చేశారు. చాపల మీద నవ్వులు పుట్టాయి. చిన్నారావుకి కూడా నవ్వొచ్చింది, ఆపుకుందామనుకున్నాడు, కుదరలేదు.

"సరే ఇనండి" అన్నాడు లేచి నిలబడి. "గచ్చు మీద వలలుండడానికి నా కాడ కారణం నేదు. ఉంటే సెప్దును. రేపే తియ్యమంటే మాత్రం కుదరదు. రేపు, ఎల్లుండి మనుసులు వేటకెల్తారు. శుక్రవారానికి తీసేత్తాం. ముందు నావే తీత్తాను."

అని ధనరాజు వైపు తిరిగాడు. "నీ కూతురేనేటి రా?"

ధనరాజు లేచాడు. అలవాటుగా చేతులు జోడించాడు. తప్పయితే క్షమించండి అంటాడని ఊరంతా అనుకుంది, ఝాన్సీలక్ష్మి కూడా అనుకుంది. ఆయన ఒకసారి కూతురిని చూశాడు.

"నా కూతురే మావా" అన్నాడు. అంతే అని, చేతులు దించి కూర్చున్నాడు.

టీచరుకి కళ్ళంట నీళ్ళు జారిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. పక్కన త్రినాథ్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. ఎనిమిదో తరగతి ముప్పై ఒక్క గొంతులూ కలిసి వేసిన కేకకి కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

శుక్రవారం మొదటి వల చిన్నారావే భుజాన వేసుకుని మోశాడు. అంతకు ముందే, సోమవారం, ఎప్పటిలాగే ధనరాజు ఆయన బోటెక్కాడు, ఎప్పటిలాగే దిగాడు, మాట తేడా ఏమీ రాలేదు. ఆ తర్వాతి వారం మొదట్లో బడి గేటు తెరిచేసరికి మైదానం మైదానంలా ఉంది. అక్కడక్కడ మిగిలిన పొలుసులు ఎండకి మెరుస్తున్నాయి. ఆడపిల్లలు వాటి మీదే సున్నంతో గీతలు గీసి, గుంజలు పాతి, నెల రోజుల ఆట ఒక్కరోజులోనే ఆడేయాలన్నట్టు పరుగులు పెడుతున్నారు. పోటీలకి ఇంకా పది రోజులుంది. గెలుస్తారో లేదో తెలియదు గానీ, ఈసారి పులిహోర సాయంత్రం దాకా దాచుకుని తినాల్సి వస్తుందని టీచరుకి గట్టి నమ్మకం కుదిరింది.

గోడ దగ్గర దాలమ్మ కనిపించింది. చేతిలో గంప లేదు. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు.

"టీచరమ్మా, గచ్చు మాకొచ్చింది గాని, తుఫానుకి ఓ పక్క పగిలిపోయున్నాది. మండలాఫీసుకి రాయాల."

"అర్జీ రాయమంటారా? నేను రాసిపెడతాను" అంది ఝాన్సీలక్ష్మి.

"అర్జీలు సానా ఎట్టినాం. ఆటికి ఎవులూ పలకనేదు" అంది దాలమ్మ. "అలగ్గాదు. ఆళ్ళు జవాబు సెప్పేలాగ రాయాల. మాకు నేర్పు."

టీచరు ఆ అయిదుగురినీ చూసింది. వాళ్ళలో ఇద్దరికి సంతకం మాత్రమే వచ్చని ఆమెకి తెలుసు. అయినా ఆమె నోట కాదన్న మాట రాలేదు.

"నాకంటే బాగా నేర్పే మనిషి ఉంది మీ ఇంట్లోనే" అని మైదానం వైపు తిరిగి కేకేసింది. "అమ్ములూ! ఒకసారి ఇటు రా!"

అమ్ములు అప్పుడే కూర్చున్న పిల్ల వీపు మీద చరిచి "ఖో!" అని అరిచి, వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది.

"ఆట అయినాక వత్తాను టీచర్! మామ్మని కూకోమను!"

దాలమ్మ నవ్వుతూ గోడ నీడన చతికిలబడింది. మిగతా నలుగురూ ఆమె పక్కన కూర్చున్నారు. ఆట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.